నయం కాని నొప్పితో దేవుని ముందు ఎలా కూర్చోవాలి

ఇది స్వస్థత పొందినవాళ్ల కోసం రాస్తున్నది కాదు. ప్రార్థన చేసి, ఉపవాసముండి, సంఘ పెద్దల చేత నూనె రాయించుకుని, అయినా రాత్రి పడుకునే ముందు మందుల డబ్బా తలగడ పక్కన పెట్టుకునేవాళ్ల కోసం.

నాకున్నది కీళ్లవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే మన కీళ్ల మీదికి తిరగబడే జబ్బు. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు మాట వినవు. టూత్‌బ్రష్ పట్టు చిక్కదు, సీసా మూత తిరగదు, గుండీ పెట్టుకోవడానికి ఎవరినో ఒకరిని పిలవాలి. మందులతో అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు వచ్చింది, ఇప్పుడు మనవరాలిని ఎత్తుకునే వయసులో కూడా నాతోనే ఉంది. మా సంఘంలో రోగుల పరామర్శకు వెళ్లే స్త్రీలలో నేనూ ఒకదాన్ని. కాబట్టి మంచం మీద పడుకుని వినాల్సిన మాటలూ తెలుసు, మంచం పక్కన కూర్చున్నప్పుడు నోటికి వచ్చేసే మాటలూ తెలుసు.

బాధకు అర్థం దొరకడమంటే అది ఎందుకొచ్చిందో తెలియడమే అని చాలామంది అనుకుంటారు. నాకైతే ఎందుకొచ్చిందో ఇవాళ్టికీ తెలియదు. అర్థం మాత్రం కొద్దికొద్దిగా దొరుకుతూ వచ్చింది. అలా దొరకడానికి నాకు, నేను కలిసిన కొందరికి పనికొచ్చిన పద్ధతులే ఇవి. వరుసగా చేయాలని లేదు. ఏది అందితే అది పట్టుకోండి.

"నా పాపమేనా?" అనే లెక్క మూసేయండి

జబ్బు చేసినా, బిడ్డ పోయినా, ఉద్యోగం పోయినా విశ్వాసి మనసు మొదట పరుగెత్తేది ఇక్కడికే. ఏం తప్పు చేశాను? దశమభాగం (సంపాదనలో దేవునికిచ్చే పదో వంతు) ఎగ్గొట్టానా? ఎవరి మనసైనా నొప్పించానా? మనం వెతక్కపోయినా మన తరఫున వెతికిపెట్టేవాళ్లు ఉంటారు. "ఒకసారి నిన్ను నువ్వు పరీక్షించుకో అక్కా" అని నాతో ఒకామె అంది, నేను తెచ్చి పెట్టిన కాఫీ తాగుతూ.

యోహాను సువార్త 9వ అధ్యాయం తీయండి. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగింది సరిగ్గా ఇదే: పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా? ఇద్దరిదీ కాదన్నాడు యేసు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి ఉంది. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్ల కంటే ఎక్కువ అపరాధులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. ఏ తప్పూ చేయకుండానే పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు దగ్గర కూర్చుని అతని స్నేహితులు ఇదే లెక్క అధ్యాయాల తరబడి వేశారు. నీకింత కష్టం వచ్చిందంటే నువ్వేదో చేసే ఉంటావన్నారు. 42వ అధ్యాయంలో దేవుడు కోపపడింది ఆ స్నేహితుల మీద. దేవుణ్ని నిలదీసిన యోబు యుక్తంగా మాట్లాడాడట, దేవుణ్ని వెనకేసుకొచ్చిన ఎలీఫజు, అతని ఇద్దరు మిత్రులు మాట్లాడలేదట. ఈ వచనాన్ని నేను ఎన్ని మంచాల పక్కన చదివానో.

మన చేతులారా తెచ్చుకున్న కష్టాలు లేవని కాదు. తాగుడు వల్ల కాలేయం పాడైతే కారణం ఎదురుగానే ఉంది. అలాంటప్పుడు ఒప్పుకోండి, మానండి, క్షమాపణ అడగండి. ఒకసారి అడిగాక దాన్ని రోజూ తవ్వుకోవద్దు. కనబడని పాపం కోసం గాలించడం మాత్రం పశ్చాత్తాపం కిందికి రాదు. అది భయం, అంతే.

ఫిర్యాదు రాయండి

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బాధలో ఉన్న విశ్వాసి స్తుతించాలే తప్ప సణగకూడదని మనకు చెప్తుంటారు. అయితే 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, విలాపాలే. 13వ కీర్తన తీస్తే మొదటి రెండు వచనాల్లోనే "ఇంకా ఎన్నాళ్లు?" అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. దాని పైన "ప్రధానగాయకునికి" అని రాసి ఉంటుంది. అంటే ఎవరో చాటుగా ఏడ్చి దాచుకున్న కాగితం కాదది, ఆరాధనలో పాడడానికి ఇచ్చిన పాట. దేవుని ముఖం మీదే "నన్ను మరచిపోయావా" అని అడగడాన్ని ఆ ప్రజలు ఆరాధనలో భాగం చేసుకున్నారు. సిలువ మీద యేసు నోట వచ్చినది కూడా 22వ కీర్తన మొదటి మాటే: "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" ఆయన అడిగిన ప్రశ్న మీరడిగితే విశ్వాసం లేనట్టా?

ఒక నోట్‌బుక్ తీసుకోండి. చెయ్యి సహకరించకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, నేను చాలాసార్లు అదే చేస్తాను. మొదట ఆయన్ని పిలవండి, మీరు మామూలుగా ఎలా పిలుస్తారో అలాగే. తర్వాత ఏం జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "ప్రభువా, నేను శ్రమలో ఉన్నాను" అనేసి ఊరుకోవద్దు, అది ప్రసంగంలో మాట. "రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, కుడి మణికట్టు మండుతోంది, పక్క గదిలో వాళ్లు నిద్రపోతుంటే నాకు అసూయ పుట్టింది" అని చెప్పండి. కీర్తనకారులు ఇలాగే చెప్పారు. ఎముకలు, నాలుక, కన్నీళ్లతో తడిసిన పరుపు, అన్నీ పేరుపెట్టి చెప్పారు.

ఆ తర్వాత అడగండి. అడిగేది కూడా స్పష్టంగా ఉండాలి. ఈ వారం వాపు తగ్గాలనో, స్కానింగ్ రిపోర్టు వచ్చేవరకు టెన్షన్ తట్టుకునే బలం కావాలనో, ఫోన్ ఎత్తని కొడుకు ఒక్కసారి ఫోన్ చేయాలనో అడగండి. పెద్దగా అడగడానికి భయపడొద్దు, చిన్నగా అడగడానికి సిగ్గుపడొద్దు.

చివర్లో ఆయన మీద నమ్మకం చెప్పే ఒక్క వాక్యం వస్తే రాయండి. 13వ కీర్తన అలాగే ముగుస్తుంది, నీ కృపను నమ్ముకున్నానని. రాకపోతే బలవంతంగా అతికించొద్దు. 88వ కీర్తనలో ఆ మలుపు రానే రాదు. చీకటే నాకు బంధువర్గమైంది అనే మాటతో ఆగిపోతుంది. అలాంటి పాటనూ బైబిల్లో ఉంచారు, దాన్నీ ప్రధానగాయకుడికే ఇచ్చారు. మీ కాగితం కూడా అక్కడే ఆగిపోయిన రోజున, ఆ పూటకు మీ ప్రార్థన పూర్తయినట్టే లెక్క.

తేదీ వేయడం మర్చిపోకండి. ఎందుకంటే కొన్ని నెలలయ్యాక తిరగేస్తే మీకే తెలియని సంగతులు కనబడతాయి. నాది తిరగేసినప్పుడు నొప్పి గురించి రాసిన పేజీల కంటే, నేను ఎవరికీ అక్కరకు రానేమో అని రాసిన పేజీలే ఎక్కువ కనబడ్డాయి. నన్ను తినేస్తున్నది ఏమిటో అప్పటిదాకా నాకే అర్థం కాలేదు.

ఒంటిని పట్టించుకోండి, మాత్రలు మానొద్దు

ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసెయ్ ప్రభువా అన్నాడు (1 రాజులు 19). దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. "ఇక్కడ నీకేం పని?" అనే ప్రశ్న ఆ తర్వాతెప్పుడో, హోరేబు కొండ మీద. ఆకలితో, నిద్రలేమితో ఉన్న మనిషి దేవుని చిత్తం గురించి పెద్ద నిర్ణయాలకు రాకూడదు. ముందు తినండి, పడుకోండి.

చచ్చిపోవాలన్న తలంపు మీకు వస్తే ఏలీయాకు కూడా వచ్చిందని గుర్తుంచుకోండి, దాన్ని దాచుకోవద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరుకు చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం విశ్వాసానికి తక్కువేమీ కాదు.

మందుల మాట కూడా. "మాత్ర మింగుతున్నావంటే నీకు నమ్మకం లేదన్నమాట" అని చెప్పేవాళ్లు ప్రతిచోటా తయారవుతారు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు నయమవుతుందని దేవుడు చెప్పిన తర్వాతే, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు కానీ, నీ విశ్వాసం పెంచుకో అని రాయలేదు. నా జబ్బులో మందు మానేస్తే కీలు అరిగిపోతుంది, అరిగిన కీలు మళ్లీ రాదు. ఎవరి మాట విని అయినా మాత్ర మానే ముందు, ఆ మాట చెప్పినవాళ్లు రేపు మీ నొప్పి మోస్తారా అని చూడండి.

ఆపగలిగిన బాధను ఆపండి

కొట్టే భర్త దగ్గర ఉండి, ఇది నా సిలువ అనుకునే స్త్రీలను చూశాను. కాదమ్మా. యేసు తన గడియ రాకముందు, తనమీద రాళ్లు ఎత్తినప్పుడు దాగి దేవాలయంలో నుంచి వెళ్లిపోయాడు (యోహాను 8). దమస్కులో తనను చంపాలని చూస్తున్నారని తెలిసి పౌలు గంపలో కూర్చుని గోడ మీదుగా దిగిపోయాడు. ఇంకోసారి కొరడాలతో కొట్టబోతుంటే, రోమా పౌరుణ్ని ఇలా కొట్టవచ్చా అని చట్టం ఎత్తి ఆపించాడు (అపొస్తలుల కార్యములు 22). తప్పించుకోలేని శ్రమను ఓర్చుకున్నవాళ్లే, తప్పించుకోగలిగిన దాన్నుంచి తప్పించుకున్నారు. దెబ్బల్లో అర్థం వెతకొద్దు. ముందు బయటపడండి.

చదవాల్సినవి, ప్రస్తుతానికి పక్కన పెట్టాల్సినవి

బాగా నొప్పిగా ఉన్న రోజు అధ్యాయాలు చదవాలనుకోవద్దు. ఒక్క వచనం చాలు. నాకు యోహాను 11:35, "యేసు కన్నీళ్లు విడిచెను." చనిపోయిన లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. కాసేపట్లో ఏడుపు ఆగిపోతుందని తెలిసి కూడా లాజరు అక్కచెల్లెళ్ల పక్కన నిలబడి ఏడ్చాడు. "నీవు ఇక్కడ ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు" అని మార్త నిష్ఠూరమాడింది, మరియ కూడా అదే మాట అంది. ఇద్దరిలో ఎవరినీ ఆయన కసురుకోలేదు.

పక్కన పెట్టదగ్గది రోమా 8:28, సమస్తం సమకూడి మేలు కోసమే జరుగుతాయన్న మాట. అబద్ధమని కాదు, నేను నమ్ముతాను. కానీ దాన్ని ఎవరు, ఎప్పుడు అంటున్నారన్నది ముఖ్యం. యోసేపును చూడండి. అన్నలు అమ్మేనాటికి 17 ఏళ్లు. ఫరో ముందు నిలబడేనాటికి 30. ఏడు సమృద్ధి సంవత్సరాలు, రెండు కరువు సంవత్సరాలు గడిచాక, అంటే అమ్ముడుపోయిన 22 ఏళ్లకు, ప్రాణాలు కాపాడడానికి దేవుడే నన్ను మీకు ముందుగా పంపాడని అన్నలతో అన్నాడు. ఆ మాట అన్నది యోసేపు. గోతిలో పడ్డ రోజున పైనుంచి తొంగిచూసి ఎవరూ "ఇదంతా నీ మేలుకే" అనలేదు. అని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీ బాధకు అర్థం చెప్పే హక్కు మీది. అది కూడా మీకు చెప్పాలనిపించినప్పుడే. పరామర్శకు వచ్చినవాళ్లు తొందరపెడితే, "నేను ఇంకా గోతిలోనే ఉన్నాను" అని నవ్వుతూ చెప్పండి. నేను చెప్తాను. కొందరికి అర్థం కాదు, పర్వాలేదు.

అర్థం ఎటువైపు నుంచి వస్తుంది

కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరంలో పౌలు తన శరీరంలోని ముల్లు గురించి చెప్తాడు. అదేమిటో చెప్పడు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. జవాబు వచ్చింది, ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో యేసు కూడా ఈ గిన్నె, అంటే రాబోయే ఆ శ్రమ, తొలగించమని అడిగాడు. అదీ తొలగలేదు. అడిగినది దొరకని ప్రార్థన అంటే ఏమిటో దేవుని కుమారుడికే తెలుసు. క్రైస్తవ విశ్వాసంలో నన్ను పట్టి ఉంచింది ఈ ఒక్క సంగతే. యోబుకు దేవుడు నాలుగు అధ్యాయాల జవాబిచ్చాడు. అందులో భూమి పునాదులున్నాయి, మంచు ఉంది, అడవి మేకలున్నాయి, నిప్పుకోడి ఉంది, ‘ఎందుకు’ అన్నదానికి మాత్రం ఒక్క ముక్క లేదు. సిలువ దగ్గర కూడా ‘ఎందుకు’కు జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న అడుగుతూ దేవుడే అక్కడ ఉన్నాడు. తిరిగి లేచాక ఆయన తోమాకు చూపించింది గాయాలనే. పునరుత్థానం ఆ మచ్చలను చెరిపేయలేదు.

ఇక రోజువారీ పని సంగతి. అదే ఉత్తరం మొదట్లోనే పౌలు ఇంకో మాట అంటాడు. మనం దేవుని దగ్గర పొందిన ఆదరణతో, ఎలాంటి శ్రమలో ఉన్నవాళ్లనైనా ఆదరించగలిగేలా ఆయన మనల్ని ఆదరిస్తాడట. అక్కడే కొద్ది వచనాల తర్వాత, ఆసియాలో బతుకు మీద ఆశ వదులుకునేంతగా కుంగిపోయామని కూడా ఒప్పుకుంటాడు. పెద్ద సేవ అనుకుని జడుసుకోవద్దు. మీ దగ్గర ఏం మిగిలి ఉందో చూడండి, దాంతోనే మొదలుపెట్టండి. నాకు మిగిలింది పొద్దున వేళ్లు కదలని ఆ గంట. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి ఒక్కో వేలూ మెల్లగా చాపుతూ, ఒక్కో వేలికి ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థిస్తాను. బొటనవేలు నా మనవరాలిది. చిటికెనవేలు మహా మొండిది, దానికి నేను క్షమించడానికి తంటాలు పడుతున్న ఒకామెను కేటాయించాను. దేవుడు నాకు ఈ జబ్బు ఇందుకే ఇచ్చాడని నేను అనను. ఎవరైనా అంటే ఒప్పుకోను కూడా. కానీ ఆ గంట ఇప్పుడు వృథాగా పోవడం లేదు.

జోనీ ఎరిక్సన్ టాడా పేరు కొందరు విని ఉంటారు. 1967లో, 17 ఏళ్ల వయసులో నీళ్లలోకి దూకినప్పుడు మెడ విరిగి, భుజాల కింద ఒళ్లంతా చచ్చుబడిపోయింది. స్వస్థత సభలకు కూడా వెళ్లారు, నడక రాలేదు. 1979లో వికలాంగుల కోసం ఒక పరిచర్య మొదలుపెట్టారు, దాని ద్వారా ఎన్నో దేశాల్లో వీల్‌చెయిర్లు అందుతున్నాయి. ఆవిడ వీల్‌చెయిర్ నుంచి లేవలేదు. అందులో కూర్చున్న మనిషికి ఏం కావాలో మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మీకు ఇదేదీ చేతకాని దశ కూడా ఉంటుంది. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు, నిన్ననే బిడ్డను పాతిపెట్టినవాళ్లకు నేను ఈ భాగం చదివి వినిపించను. వాళ్లకు పైన చెప్పిన తిండి, నిద్ర, ఫిర్యాదు చాలు.

ఇతరుల మంచం పక్కన

యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని మొదటి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నేల మీద అతని పక్కన నోరు తెరవకుండా కూర్చోవడం. మీరూ అంతవరకు చేయండి. తర్వాత గిన్నెలు కడగండి, బిల్లు కట్టి రండి, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి చేయండి, చిన్నగా చేయండి. ఇంకెవరికో ఇలాగే జరిగి బాగైపోయిందనే కథ మాత్రం మొదలుపెట్టొద్దు.

సాక్ష్యం చెప్పమన్నప్పుడు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. స్వస్థత పొందినవాళ్లే లేస్తారు. మనలాంటివాళ్లం పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చుంటాం. లేవండి. మొదటిసారి లేచినప్పుడు నేను అన్నది ఇంతే: "నాకు నయం కాలేదు. ప్రార్థన మానలేదు, మందులూ మానలేదు. పోయిన వారం రెండు రోజులు దేవుడి మీద కోపంగా ఉన్నాను, ఆయనకే చెప్పాను. నా కోసం ప్రార్థించండి." హల్లెలూయా ఎప్పుడు అనాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరాధన అయ్యాక ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. ఒకామెకు డయాలసిస్, ఒకాయన కొడుకు జైల్లో ఉన్నాడు, మూడో ఆమె ఏమీ చెప్పకుండా నా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది. మీరు మాట్లాడబోయే ముందు నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకోండి, గొంతు పూడుకుపోతే చూసి చదవొచ్చు. ముగింపులో విజయం తగిలించమని ఎవరైనా సలహా ఇస్తే, అది వచ్చిన రోజున చెప్తానని చెప్పి కూర్చోండి.